ఆలుగడ్డ చేసిన పాపం

ఎల్లంతకుంట చాయ్ హోటల్లో పేపరు ఒక్కటే, చదివేవాళ్లు పది మంది. నా వంతుకు నడిమి పేజీ వచ్చింది. 'ఫోన్లతో పిల్లల మనసులు ఖరాబు: పరిశోధనలో వెల్లడి.' మన దగ్గర ఏదైనా 'వెల్లడి' అయిందంటే ఇక అడిగేదేముంది? "ఔ, పోరగాండ్లు ఖరాబే అయిండ్రు" అని తేల్చేశాడు పక్కనాయన, తన ఫోన్‌లో రీలు మార్చుకుంటూ.

సిరిసిల్లలో సాంచాలు నడిపి నడిపి ఊరికొచ్చిన కాక మాత్రం కళ్లద్దాలు సవరించుకున్నాడు. "ఎవర్ని అడిగిండ్రట? మన పోరగాండ్లనా?" వార్తలో ఆ ముక్క లేదు. "ఎంత ఖరాబైందట?" అదీ లేదు. "కొలత చెప్పకుంటె బట్టెట్ల కొంటవు బిడ్డా?"

నాకు తెలివెక్కువై 2019 నాటి ఆక్స్‌ఫర్డ్ లెక్క విప్పాను. ఎమీ ఆర్బెన్, ఆండ్రూ ప్రిబిల్‌స్కీ అనే ఇద్దరు అమెరికా, బ్రిటన్‌లలోని 3,55,358 మంది పిల్లల జవాబులు తిరగేశారు. పిల్లల మనసు బాగోగుల్లోని తేడాలన్నీ వెయ్యి పోగులనుకుంటే, ఫోన్, టీవీ, కంప్యూటర్ అన్నీ కలిపినా వాటితో ముడిపడ్డవి నాలుగు పోగులు దాటలేదు. ఆ నాలుగైనా ఫోనే తెంపిందో, మనసు బాగాలేని పిల్లలే ఫోన్ పట్టుకున్నారో ఆ లెక్క చెప్పదు. ఇదెంత చిన్న సంగతో తెలియాలని వాళ్లు ఆలుగడ్డలను తెచ్చి పక్కన పెట్టారు. ఆలుగడ్డలు తినడానికీ ఇంచుమించు అంతే సంబంధం తేలింది. కళ్లద్దాలకైతే ఇంకా ఎక్కువ.

కాక కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు.

నా మాటలు మాత్రం హోటల్ దాటి వాట్సాప్‌లోకి ఎక్కాయి. 2018లో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాల పుకార్లు మన తెలంగాణలోనూ ప్రాణాలు తీశాక, ఒక సందేశాన్ని ఒకసారికి ఐదు చోట్లకు మించి పంపకుండా వాట్సాప్ కట్టడి పెట్టింది. అయినా ఐదుగురు తలా ఐదుగురికి పంపితే ఊరు నిండడానికి ఎంతసేపు? పొద్దుగూకేసరికి నా ఫోన్‌కే వచ్చింది: 'ఆలుగడ్డ తింటే డిప్రెషన్! ఆక్స్‌ఫర్డ్ సైంటిస్టుల హెచ్చరిక. మన ఊరి మేధావి వెల్లడి.' కింద వరసగా దండం బొమ్మలు.

తెల్లారి కూరగాయలమ్మే అక్క నన్ను చూడగానే తక్కెడ కింద పెట్టింది. "నువ్వేనా సారూ, ఆలుగడ్డకు పిచ్చి అంటగట్టినోనివి?"

వెయ్యి పోగుల కథ మొదలుపెట్టాను.

"గవన్నీ నాకెందుకు? కిలో ముప్పై. ఎన్ని జోకాలె?"

రెండు కిలోలు కొంటేగానీ వదల్లేదు.