మెడ ఆయనది, ఒత్తిడి మనది

ఒత్తిడి ఎక్కువైతే ఒంట్లో బాగుండదు, తిండి సరిగ్గా లేకపోతే నీరసం వస్తుంది. ఈ ముక్క చెప్పడానికి మన ఇళ్లలో ఎవరూ డిగ్రీ చదవలేదు. అదే ముక్క అమెరికాలో వెన్ను నొక్కి వైద్యం చేసే ఒక ‘హోలిస్టిక్’ కైరోప్రాక్టర్ అంటే మాత్రం అబ్బురంగా తలూపుతాం. ఊపిన తలను, మెడతో సహా, ఆయన చేతికిస్తాం.

ఈ విద్య 1895లో అయోవా రాష్ట్రంలోని డావెన్‌పోర్ట్‌లో పుట్టింది. కిరాణా కొట్టు నడిపి, తేనెటీగలు పెంచి, ఆపైన అయస్కాంత వైద్యంలోకి దిగిన డి.డి. పామర్ గారు, తన వైద్యశాల ఉన్న భవనం ఊడ్చి తుడిచే హార్వీ లిల్లార్డ్ వెన్ను మీద ఒక్క నొక్కు నొక్కారట, 17 ఏళ్ల చెవుడు వదిలిపోయిందట. చెవి నుంచి మెదడుకు వెళ్లే నాడి పుర్రెలోనే పుట్టి పుర్రెలోనే ప్రయాణం ముగిస్తుంది, వెన్ను దారి తొక్కదు. పామర్ గారు ఇలాంటి అడ్డంకులను లెక్కచేసే మనిషి కాదు. రోగాల్లో 95 శాతం పక్కకు జరిగిన వెన్నుపూసల వల్లే వస్తాయని తేల్చేశారు. మిగిలిన 5 శాతమైనా వదిలారా? అవి ఒంట్లోని ఇతర కీళ్ల ఖాతాలో వేశారు.

పూసలు ఎందుకు జరుగుతాయంటే దెబ్బలు, విషాలు, ఆలోచనలు అన్నారాయన. ఆలోచనలకు ‘ఒత్తిడి’ అని, విషాలకు ‘పోషణ లోపం’ అని కొత్త రంగు వేస్తే నేటి హోలిస్టిక్ బోర్డు తయారు. ఆ పూస జరుగుడే రోగాలకు మూలమనడానికి పరిశోధనల ఆధారం లేదని 2010లో చెప్పింది ఏ అల్లోపతి డాక్టర్ల సంఘమో కాదు, బ్రిటన్‌లో కైరోప్రాక్టర్లను నియంత్రించే మండలే. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ మాత్రం ఇప్పటికీ ఆ పూసను సరిచేసినందుకే వారికి డబ్బు చెల్లిస్తోంది!

ఇక పోషణ. 1964లో మిషిగన్‌కు చెందిన జార్జ్ గుడ్‌హార్ట్ అనే కైరోప్రాక్టర్ కండరాల పరీక్ష కనిపెట్టారు. ఒక చేయి చాపాలి, రెండో చేతిలో విటమిన్ సీసా పట్టుకోవాలి. చాపిన చేతిని ఆయన కిందికి నొక్కుతారు. సీసా లేనప్పుడు వాలిన చేయి ఇప్పుడు నిలిస్తే ఆ విటమిన్ మీకు కావాలన్నమాట. సీసా మూత తీయనక్కర్లేదు, విటమిన్ గాజులోంచే సమాచారం పంపుతుంది. సీసాలో ఏముందో ఇద్దరికీ తెలియకుండా ఇదే పరీక్ష పెడితే బొమ్మా బొరుసూ వేసినదానికన్నా మెరుగైన జవాబు రాలేదు. శాకాహారులకు బి12 తక్కువ కావడం నిజంగా ఉన్న సమస్యే. దాన్ని పట్టుకోవడానికి రక్తపరీక్షా ఉంది. కానీ రక్తపరీక్ష చేసే ల్యాబులో కౌంటర్ వెనక సీసాలు అమ్మరు కదా.

అసలు ఆకర్షణ ఆ ‘టక్’ శబ్దం. రీల్స్‌లో మైకు పెట్టి మరీ వినిపిస్తున్నారు. అది పూస తన చోటికి చేరిన చప్పుడు కాదు, కీలులోని ద్రవంలో వాయువు చేసే సందడి. దిష్టి తీసి కణతల దగ్గర నాయనమ్మ విరిచే మెటికల్లోనూ అదే శబ్దం. ఆవిడ ఎక్స్‌రే అడగలేదు.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. నడుము నొప్పికి ఈ నొక్కుడు కొంత ఉపశమనం ఇస్తుంది, దాదాపు వ్యాయామం ఇచ్చేంత. అక్కడితో ఆగితే పేచీ లేదు. పసిపిల్లల కడుపునొప్పికీ, ఉబ్బసానికీ వెన్ను నొక్కుతామనడాన్ని సైమన్ సింగ్ అనే రచయిత వెక్కిరిస్తే, బ్రిటిష్ కైరోప్రాక్టిక్ సంఘం 2008లో పరువునష్టం దావా వేసింది. 2010లో వెనక్కి తీసుకుంది.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాడి ఒత్తిడి అబద్ధం కాదు. రాత్రి పదకొండుకు హైదరాబాద్ టీమ్‌తో కాల్, గ్రీన్ కార్డు లైను, ఇంటి అప్పు. వీటిలో ఏదీ వెన్నులో లేదు. నొప్పి తగ్గితే ఘనత నొక్కినవారిది, తగ్గకపోతే తప్పు మీ ఒత్తిడిది, మీరు తిన్న బిర్యానీది. మరి ఒత్తిడి తగ్గే దారేమిటని అడిగితే, ఆ కాల్ మానేయమని చెప్పరు. వారానికి మూడుసార్లు రమ్మంటారు. ఆరు నెలల ప్యాకేజీ ముందే కడితే డిస్కౌంటు కూడానట.