గోడమీది పిల్లి లాటిన్

లాటిన్ వ్యాకరణ పండితులు ఘనులు. 'ప్రేమించడం' అనే ఒక్క ముక్కకు ఆరు తుమున్నర్థక (ఇన్ఫినిటివ్) రూపాలతో పట్టిక కట్టి, అమారె, అమావిస్సె అంటూ పిల్లలచేత ఎక్కాల్లా వల్లె వేయిస్తారు. ఆరోది అమాతుమ్ ఈరీ. అంటే ముందుముందు ప్రేమించబడబోవడమట! రోమన్ రచయితలే దాని జోలికి పోయింది అరుదు. మీసం మొలవని పిల్లాడికి మాత్రం అది రాకపోతే అరిష్టం.

అసలు తుమున్నర్థకం బతికేది ఒకరి మాటను ఇంకొకరు చేరవేసే చోట. అక్కడ కర్తను ద్వితీయా విభక్తిలోకి దించేస్తారు. కర్మ ఎలాగూ ద్వితీయలోనే ఉంటుంది. ఇక ఎవరు ఎవరిని కొట్టారో దేవుడికే ఎరుక. దేవుడు ఆ సందు వాడుకున్నాడు కూడా! ఎపిరస్ రాజు పిర్రస్ జోస్యం అడిగితే, అతను రోమన్లను గెలుస్తాడో, రోమన్లే అతన్ని గెలుస్తారో తేలని వాక్యం ఒకటి అపోలో పడేశాడని కవి ఎన్నియస్ రాశాడు. పిర్రస్ క్రీ.పూ. 280లో ఇటలీలో దిగాడు, 275లో ఉత్త చేతులతో వెనుదిరిగాడు. అపోలో మాట మాత్రం తప్పలేదు. ఇంత భద్రమైన వాగ్దానం ఏ పార్టీ మేనిఫెస్టోలోనూ దొరకదు. అపోలో ఏనాడూ లాటిన్ మాట్లాడలేదు కదా అని రోమన్ వక్త సిసెరో ఎద్దేవా చేశాడు. అయినా వ్యాకరణ పుస్తకాలు ఆ ఉదాహరణను వదల్లేదు.

తుమున్నర్థకం ఒంటరిగా వాక్యాన్ని మోయలేదన్నది ఇంకో సూత్రం. రోమన్ చరిత్రకారుడు సల్లస్ట్ యుద్ధ వర్ణనల్లో వాటినే వరసగా నిలబెట్టి కథ నడిపించాడు. పండితులు ఏం చేశారు? దానికి 'చారిత్రక' అని బిరుదిచ్చారు. అదే పని విద్యార్థి చేస్తే ఎర్ర సిరా.

మనవాళ్ల సంగతి ఇంకా విచిత్రం. లాటిన్‌ను ఇంగ్లిష్ పుస్తకంలోంచి నేర్చుకుంటూ ఇంగ్లిష్ వాడి తలనొప్పి కూడా కొనుక్కుంటారు. 'చెప్పాడు' పక్కన వర్తమాన రూపం ఎందుకొచ్చిందో వాడికి పేజీలకు పేజీలు వివరించాలి. 'వస్తున్నట్టు చెప్పాడు' అని రోజూ అనేవాడికి ఎందుకా వివరణ? మొనేరె, రెగెరెలకు రోమన్ లిపిలో తోక ఒకటే కాబట్టి అచ్చు పైన గీత గీసి తేడా చూపుతారు. ఎ, ఏ వేరువేరుగా ఉన్న మనకు ఆ గీతతో పనేముంది?

లాటిన్ మొదలుపెట్టే తెలుగువారికి ఒక్క మాట. పట్టిక మూసేసి సీజర్‌ను తెరవండి. ఆయన పుస్తకం నిండా చేరవేసిన మాటలే. అమాతుమ్ ఈరీకి తొందరేం లేదు.