ఈశాన్యం వాలిన గేటు

నందిగామలో చెక్క గేటు పెట్టుకుంటానంటే జనం మనిషిని ఎగాదిగా చూస్తారు. మాది సిమెంటు సీమ. జగ్గయ్యపేట పక్కన జయంతిపురంలో రాంకో ఫ్యాక్టరీయే ఉందాయె. స్తంభాలు సిమెంటువి, గేటు ఇనుముది, దాని మీద బంగారు రంగు పూసిన సింహాలు రెండు: మా దగ్గర ఇల్లంటే ఇదీ లెక్క. "చెక్కేంటి సార్, గొర్రెల దొడ్డికా?" అన్నాడు వెల్డింగు షాపతను.

పాత ఇల్లు విప్పితే మిగిలిన టేకు ఉంది. లెక్కల మేష్టారైన మా తోడల్లుడూ నేనూ కలిసి రెండు రెక్కలు చేసేశాం. అవి బాగానే కుదిరాయి. పేచీ అంతా బందుల దగ్గరే.

పాత మండువా ఇళ్లలో చాలా తలుపులకు అసలు బందులే ఉండవు. తలుపు చెక్కకే పైనా కిందా బొడిపెలు, వాటికి కమ్మీలో, గడపలో గుంటలు. బరువంతా గడప మోసేది. వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు తండ్రి పేరున జగ్గయ్యపేట కట్టించిన కాలపు వడ్రంగులు అదృష్టవంతులు. గేటుకు గడప పెడితే కారు ఎక్కదు కదా! గాల్లో వేలాడాల్సిందే.

మా తోడల్లుడు కాగితం తీశాడు. రెక్క 40 కిలోలు, వెడల్పు 5 అడుగులు, బందుల మధ్య ఎడం 3 అడుగులు. పై బందును బయటికి లాగే బలం 33 కిలోల పైచిలుకు. ఎడం రెండున్నర అడుగులకు తగ్గిస్తే అది 40కి ఎక్కుతుంది. కాబట్టి బందులు వీలైనంత దూరంగా ఉండాలి. ఏటవాలు కర్ర కింది బందు దగ్గర మొదలై అవతలి పైమూలకు పోవాలి. ఇంత లెక్కా వేసి ఆయన బడికి వెళ్లిపోయాడు. బిగించడానికి వచ్చిన కుర్రాడు స్క్రూలన్నిటినీ సుత్తితో మేకుల్లా దిగ్గొట్టి డబ్బులు పుచ్చుకుని పోయాడు.

వారం తిరక్కుండా దక్షిణపు స్తంభానికి వేలాడే రెక్క ఉత్తరం కొసన నేలను గీకడం మొదలెట్టింది. వాస్తు తెలిసిన మా బాబాయి చూసి మురిసిపోయాడు. "ఈశాన్యం పల్లం! లక్షలు పోసినా కుదరదురా. ముట్టుకోకు."

మా ఆవిడ మాత్రం జగ్గయ్యపేట నుంచి ఆచారిగారిని పిలిపించింది. ఆయన కబుర్లేమీ చెప్పలేదు. స్తంభానికి హోల్డ్‌ఫాస్టులతో బిగించిన కర్ర పక్కన గుండు వేలాడదీసి, రెండు బందుల చీలలూ ఒకే దారానికి వచ్చేలా గీత గీశారు. గీత వెంట ఉలితో బందు మందమంతే గాడి తీశారు. బందు కూర్చోబెట్టి, అంచు మీద బొటనవేలి గోరు పోనిచ్చారు. గోరు తట్టుకుంటే మళ్లీ ఉలి. బరమాతో సన్నగా బెజ్జం వేసి, బట్టల సబ్బుకు రుద్దిన స్క్రూ బందుకొకటి చొప్పున ఎక్కించి, రెక్కను తిప్పి చూశాకే మిగతావి. రెక్కల నడుమ పెన్సిల్ పట్టేంత సందు వదిలారు. "రోహిణి కార్తెలో ఎండిన కర్రండీ. వానలు పడితే ఉబ్బుతుంది."

చిటికెనవేలితో నెడితే గేటు తిరిగింది. బాబాయి మొహం మాడింది.

"ఆచారిగారూ, ఆ ఉత్తరం కొస కాస్త కిందికి దించలేరా?"

"నావల్ల కాదండీ. ఇంతకుముందు బిగించిన కుర్రాణ్ణి పిలవండి, వారంలో దించేస్తాడు."

బాబాయి ఆ కుర్రాడి ఫోన్ నంబరు అడిగి రాసుకున్నాడు. వాళ్లింట్లో గేటు ఇంకా పెట్టలేదు.