మా మావయ్య డబ్బు అలా అడగడండీ

మహారాజశ్రీ సైబర్ జాగ్రత్తల శాఖ పెద్దల దివ్య సముఖానికి,

పిఠాపురంలో తమరు పంచిన కరపత్రం అందింది. 'అపరిచితులను నమ్మవద్దు' అని ఎర్రక్షరాలు, పక్కన ముసుగు దొంగ బొమ్మ. బొమ్మ బాగుందండి. కాకపోతే అది మా పెద్దమ్మవి నలభై వేలు పోయాక అందింది.

ఆవిడ అపరిచితుణ్ణి నమ్మలేదు. సొంత తమ్ముణ్ణి నమ్మింది. వాట్సాప్‌లో మా గొల్లప్రోలు మావయ్య ఫోటోయే. శివరాత్రికి పాదగయ పుష్కరిణి గట్టున తీయించుకుని ఫేస్‌బుక్‌లో పెట్టుకున్నది. 'అక్కా, బండి మీంచి పడ్డాను. కాకినాడ ఆసుపత్రిలో ఉన్నాను. ఇది కొత్త నంబరు. దవడకి కట్టు కట్టారు, మాట్లాడలేను. క్యాషియరు నంబరుకి నలభై వేలు పంపు.' దవడకి కట్టట! ఫోన్ చేసి గొంతు వినే దారి కూడా ముందే మూసేశాడు వెధవ. డబ్బు పంపే ముందు బ్యాంకులో ఉన్న అసలు పేరు తెర మీద చూపాలని 2025 జూన్ ఆఖరుకల్లా నియమం పెట్టించారు కదా, ఫోన్ చూపించింది. ఎవరిదో పరాయి పేరు. క్యాషియరుకి క్యాషియరు పేరు కాక మా మావయ్య పేరుంటుందా? ఆ నియమాన్ని దొంగ చదివాడు, మా పెద్దమ్మ చదవలేదు.

మావయ్య డబ్బెలా అడుగుతాడో మా వీధిలో కుక్కకి కూడా తెలుసు. బండి మీద వస్తాడు. అరుగు మీద కూర్చుంటాడు. కాఫీ తాగుతాడు. ఏలేరు నీళ్ళొచ్చాయా, ఉల్లి ధర ఎంతుంది, ఎవరి పిల్లకి సంబంధం కుదిరింది, అన్నీ అయ్యాక లేచి, చెప్పులు వేసుకుంటూ, ఎటో చూస్తూ, 'అక్కా, ఓ పదుంటే సర్దుతావేంటి' అంటాడు. వారం తిరక్కుండా తెచ్చిచ్చేస్తాడు. ఇంతకంటే గట్టి ఓటీపీ ఏ బ్యాంకు దగ్గరుందండీ? అది గుర్తు చేయండి జనానికి. మీ వాళ్ళు ఎలా అడుగుతారో మీకు తెలుసు, అలా అడగకపోతే వాళ్ళు కాదు, పాత నంబరుకి కొట్టండి, ఎత్తకపోతే పక్కింటికి కొట్టండి, ఇంట్లో వాళ్ళకే తెలిసిన ప్రశ్న ఒకటి అడగండి అని చెప్పండి. ముసుగు బొమ్మ ఎందుకు? దొంగ ముసుగేసుకుని రాలేదు, మా మావయ్య మొహమేసుకుని వచ్చాడు.

'ఆగండి, ఆలోచించండి, అప్పుడు అడుగేయండి' అని 2024 అక్టోబరులో ప్రధానమంత్రి గారు రేడియోలో చెప్పారు. డిజిటల్ అరెస్టని పోలీసు వేషంలో బెదిరించేవాళ్ళ గురించి. అలాంటి వేషమైతే ఆగొచ్చు. తమ్ముడు ఆసుపత్రిలో ఉన్నాడంటే ఆగి ఆలోచించే అక్క ఈ గోదావరి జిల్లాల్లో ఎక్కడుంది?

బ్యాంకుకి వెళ్తే, ఏ బ్యాంకో రాయను, 'పిన్ మీరే కొట్టారు కదమ్మా' అన్నారు. ఖాతాదారు ప్రమేయం లేకుండా డబ్బు పోతే, మూడు పనిదినాల్లో చెబితే, ఆ నష్టం బాధ్యత అతనిది కాదని రిజర్వు బ్యాంకు 2017లోనే ఆదేశమిచ్చింది. సొంత వేలితో నొక్కితే ఆ గొడుగు లేదు. అంటే జేబులో చెయ్యి పెట్టినవాడు దొంగ, బుర్రలో చెయ్యి పెట్టినవాడు ఎవరూ కాదన్నమాట. సిగ్గుండక్కర్లేదా?

పైగా పనికొచ్చే ముక్కలన్నీ ఇంగ్లీషు సర్క్యులర్లలో దాస్తారు. బ్యాంకుల ఫోన్లకి 1600తో మొదలయ్యే నంబర్లు కేటాయించారట. వాళ్ళ వెబ్‌సైట్ల చివర 'బ్యాంక్ డాట్ ఇన్' ఉండాలట. ఈ రెండూ మా వీధిలో ఒక్కరికి తెలిస్తే ఒట్టు. జాగ్రత్త జాగ్రత్త అని సైబర్ మోసాల కాలర్ ట్యూన్ మాత్రం 2025 జూన్‌లో మీరు ఎత్తేసేదాకా ఊరంతా విన్నాం. అర్జెంటుగా ఫోన్ చేసినవాడూ విన్నాడు. మొహం దొంగతనం మా ఇంటితోనే మొదలవలేదు. కలెక్టర్ల ఫోటోలతోనే దొంగ ఖాతాలు తెరిస్తే 'అది నేను కాదు' అని కలెక్టర్లే ప్రకటనలిచ్చుకున్నారు. తిరుమల వెంకన్న పేరిటే దొంగ వెబ్‌సైట్లు లేచాయి. డేటా ఎంట్రీ ఉద్యోగాలని కంబోడియా తీసుకుపోయి మన విశాఖ కుర్రాళ్ళ చేతే ఇలాంటి మోసాలు చేయించారని 2024 మేలో బయటపడింది. మా పెద్దమ్మకి 'అక్కా' అని రాసింది కూడా ఎక్కడో తలుపులేసిన గదిలో కూర్చున్న తెలుగు పిల్లాడేనేమో, ఎవరికెరుక.

సరే. కోపంలో మర్యాద తప్పాను, అదలా ఉంచండి. 1930కి వెంటనే ఫోన్ చేశాం. పదకొండు వేలు ఎవరి ఖాతాలోనో ఆగిందట. విడిపించాలంటే కోర్టు కాగితం తెమ్మన్నారు ఆ బ్యాంకువాళ్ళు. మనవరాలి ఓణీలకి ఉప్పాడ చీర కొనాలని దాచుకున్న డబ్బు బాబూ. ఆ పదకొండు వేలన్నా ఇప్పించండి. ఇంకో చిన్న మనవి. మావయ్య ఆనాటి నుంచి మా ఇంటి గడప తొక్కట్లేదు. తన మొహం చూపించే అక్కని ముంచారని తల దించుకుని తిరుగుతున్నాడు. ఇందులో ఆయన తప్పేమీ లేదని తమరు ఓ కాగితం మీద రాసి, సంతకం పెట్టి, గుండ్రటి ముద్ర వేసి పోస్టులో పంపండి. లింకు పంపకండి.

ఇట్లు,
పిఠాపురం వాస్తవ్యుడు