నా చిరునామా ఎం.కె. 84

నేను అరచేతిలో ఇమిడే సర్క్యూట్ బోర్డును. నా మీద ఒక జీపీఎస్ చిప్పు, పక్కన ఒక చిన్న బ్యాటరీ, డాబా గోడ మీద దానికి చార్జింగ్ పెట్టే సోలార్ పలక. ఇనుప పైపుకూ వేపచెట్టుకూ మధ్య లాగి కట్టిన పది మీటర్ల రాగితీగ నా యాంటెన్నా. సరదాకి రేడియో నడిపే హ్యామ్‌లు నన్ను బీకన్ అంటారు. కాపురం కర్ణాటకలోని పావగడ తాలూకా క్యాతగానచెర్లులో. పరీక్ష రాసి, వి.యు.3తో మొదలయ్యే కాల్‌సైన్ తెచ్చుకున్న ఈ ఇంటి కుర్రవాడు నన్ను ఇక్కడికి తెచ్చాడు.

మా ఊరి సంగతి చెప్పాలి. ఒకప్పుడు వానకోసం మొగం వాచి శనక్కాయ వేసిన నేలలివి. తిరుమణి, బళసముద్ర, వళ్ళూరు, రాయచెర్లు, క్యాతగానచెర్లు, ఈ ఐదు ఊళ్ళ రైతులు దాదాపు 13,000 ఎకరాలు కౌలుకిస్తే అక్కడ సోలార్ పార్కు లేచింది. 2018లో కరెంటు మొదలై, 2019 చివరికి 2,050 మెగావాట్లకు చేరింది. నా సత్తువ 200 మిల్లీవాట్లు. అంటే పార్కు నాకంటే వెయ్యి కోట్ల రెట్లు పెద్దది. ఇద్దరం తినేది మాత్రం ఒకే ఎండ.

నా పని సులువు. జీపీఎస్ చూసి సరి నిమిషం మొదలవగానే 14 మెగాహెర్ట్జ్ దగ్గర గొంతు విప్పుతాను. నాలుగు స్వరాలు, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య దాదాపు హెర్ట్జున్నర తేడా. మనిషి చెవికి అదంతా ఒకటే ఈల. దాదాపు 111 సెకన్లలో నేను చెప్పేది మూడు ముక్కలు: కాల్‌సైన్, ఉండే చోటు, నా పవర్. మొత్తం 50 బిట్లు. విస్పర్ అనే ఈ పద్ధతిని 2008లో తయారుచేసిన జో టేలర్, అంతకుముందు జంట పల్సార్‌ను కనిపెట్టినందుకు 1993లో భౌతికశాస్త్ర నోబెల్ పంచుకున్నవాడు. నక్షత్రాల సన్నని సవ్వడిని హోరులోంచి ఏరడం నేర్చిన చెయ్యి అది. అందుకే రిసీవర్ హోరు కంటే వందల రెట్లు బలహీనంగా చేరినా నన్ను కంప్యూటర్ పోల్చుకుంటుంది.

మొదటి రోజు కుర్రవాడి అమ్మ నన్ను అటూఇటూ తిప్పి చూసింది.

"ఏం చెప్తాదిరా ఈ డబ్బా?"

"మన పేరు, మనముండే చోటు చెప్తాదిమా."

"చోటంటే? ఆంధ్రా అంటాదా, కర్ణాటకం అంటాదా?"

"రెండూ అనదు. ఎంకే ఎనభైనాలుగు అంటాది."

హ్యామ్‌లు భూమిని గళ్ళుగా పంచుకున్నారు. రేఖాంశం రెండు డిగ్రీలు, అక్షాంశం ఒక డిగ్రీ కలిస్తే ఒక గడి. 76, 78 డిగ్రీల మధ్య, 14, 15 డిగ్రీల మధ్య ఉన్నది ఎం.కె. 84. పావగడ, చళ్ళకెరె, చిత్రదుర్గం ఇందులోనే. పెనుకొండ, ధర్మవరం, కళ్యాణదుర్గం, అనంతపురం కూడా ఇందులోనే. తెలుగు మాట్లాడుతూ కన్నడ బడికి పోయే మా పల్లెను ఈ లెక్క ఎటూ లాగదు.

నన్ను ఎక్కడో ఎవరో వింటారు. వాళ్ళ కంప్యూటర్ ఆ ముక్కను ఇంటర్నెట్‌లో నమోదు చేస్తుంది. కాసేపటికి ఫోన్‌లోని ప్రపంచ పటంలో మా గడి నుంచి ఆ చోటికి గీత పడుతుంది. ఆకాశంలో 200 నుంచి 400 కిలోమీటర్ల ఎత్తున ఎండ తయారుచేసిన పొర నన్ను వంచి కిందికి పంపుతుంది కాబట్టి, పటం చూస్తే పొర సంగతి కూడా తెలిసిపోతుంది. సూర్యుడిలో పెద్ద జ్వాల లేచిందంటే పగటి గీతలు నిమిషాల్లో మాయం. కుర్రవాడు నిచ్చెనెక్కి తీగ తెగిందేమోనని చూసుకుంటాడు. తీగకేమీ కాలేదు, తెగింది పైదారి.

ఇంకో వింత ఉంది. సుమారు 6,500 కిలోమీటర్ల అవతల పెర్త్‌లో దొరికే నేను, 150 కిలోమీటర్ల దూరంలోని బెంగళూరులో చాలాసార్లు దొరకను. నేల వెంబడి అంతదూరం పోలేను, పైకెళ్ళినవాణ్ణి అంత దగ్గర దిగలేను. పటంలో గీత లేదంటే అక్కడ మనుషులు లేరని కాదు.

ఇంటర్నెట్ పోతే పటం పోతుంది, రేడియో పోదు. 2004 డిసెంబరులో హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున భారతి ప్రసాద్ బృందం అండమాన్‌లో హ్యామ్ స్టేషన్ పెట్టింది. 26న సునామీ వచ్చి ఫోన్లు మూగబోయాక, క్షేమ సమాచారాలు వాళ్ళ రేడియోల మీదే దాటాయి. గీతలు గీసే పటమేదీ లేదు. అవతల చెవి ఒగ్గినవాళ్ళున్నారు, అది చాలింది.

పటం నాకు నేర్పిన పాఠం అదే. నేను ఎంత అరిచినా ఒక్క గీత పడదు. ఎవరో తన కరెంటు ఖర్చుపెట్టి, రిసీవర్ ఆన్‌లో ఉంచి, విన్నది నమోదు చేస్తేనే నేను ఉన్నట్టు. గీత నాది కాదు, విన్నవాడిది. ఒకరోజు వాళ్ళమ్మ పటం చూసి అడిగింది: "అందరూ మనల్ని ఇంటాండారు సరే, మనం ఎవుర్నన్నా ఇంటాండామా?"

కుర్రవాడు జవాబు చెప్పకుండా ఇంట్లోని చార్జర్లు, ఎల్‌ఈడీ బల్బులు ఒక్కొక్కటే ఆర్పుతూ ఏది హోరు పుట్టిస్తోందో వెతికాడు. దొరికినవాటిని మార్చి, నా పక్కన ఒక రిసీవర్ పెట్టాడు. 2024 ప్రాంతంలో మచ్చలు ముమ్మరించిన సూర్యుడు ఇక నెమ్మదిస్తాడు, నా గీతలు పలచబడతాయి. కానీ ఇప్పుడు దూరదేశాల బీకన్లకు ఎం.కె. 84లో ఒక చెవి ఉంది. నేను మాట్లాడని నిమిషాల్లో వాటి పేర్లు రాసుకునేది మేమే.