వంటింటి గుదిబండ

కుప్పం అనగానే మన రాష్ట్రంలో ఎవరికైనా గుర్తొచ్చేవి ఎన్నికలు. 1989 నుంచి చంద్రబాబు నాయుడు అక్కడ గెలుస్తూ వస్తున్నారు కాబట్టి, ఓట్ల లెక్కింపు రోజు తప్ప మిగతా రోజుల్లో ఆ ఊరు ఉందన్న సంగతే చాలామందికి పట్టదు. రాళ్ల వ్యాపారులకు ఓట్లతో పని లేదు. వాళ్లకు కుప్పం అంటే ‘కుప్పం గ్రీన్’. ఆ పేరుతోనే అక్కడి గ్రానైట్ ఓడలెక్కి దేశాలు తిరుగుతుంది. ఇంకాస్త అవతల, బెంగళూరు వైపు నల్లరాయి 1982లో వాషింగ్టన్ చేరి, వియత్నాం యుద్ధంలో పోయిన సైనికుల పేర్లు మోసే గోడ అయింది. ఇంత ఘనత గల రాళ్ల మధ్య పుట్టి పెరిగిన మనం, సొంత వంటింట్లో ఎనిమిదడుగుల బండను తిన్నగా కూర్చోబెట్టలేక ఆపసోపాలు పడుతున్నాం.

తప్పు రాయిది కాదు, సెల్‌ఫోనుది. అందులో ఒక దొర ఉంటాడు. నలగని చొక్కా, చెవి మీద పెన్సిలు. ఒక్కడే బండ ఎత్తుతాడు, పెడతాడు, ఈల వేస్తాడు. పది నిమిషాల్లో వంటిల్లు మెరిసిపోతుంది. భార్య వచ్చి బుగ్గన చెయ్యి పెట్టుకుంటుంది. చూసేవాడికి తట్టని సంగతులు రెండున్నాయి. ఆ దొర ఎత్తేది చాలాసార్లు రాయే కాదు, చెక్క మీద సన్‌మైకా లాంటిది అతికించిన పలక. రెండోది, ఆయన ఊళ్లో మేస్త్రీని పిలిస్తే వచ్చే బిల్లుకు మన దగ్గర ఒక పెళ్లి చేయొచ్చు. కాబట్టి గతిలేక తనే చేసుకుంటాడు. ఆ గతిలేనితనాన్ని మనవాళ్లు సరదా అనుకుని నేర్చుకుంటున్నారు.

మదనపల్లెలో మా బావ ఆ బడిలో చేరాడు. ఆయనది టమోటా మండీలో కమీషన్ వ్యాపారం. 2023 జూలైలో కిలో రెండొందల దాకా ఎగబాకిన టమోటా ఊళ్లోవాళ్ల ఇళ్లలో వంట ఆపించింది. మా బావ ఇంట్లో మాత్రం కొత్త వంటింటికి ముహూర్తం పెట్టించింది. తలుపులు, అరలు, చిమ్నీ ఒక్కొక్కటే అమిరాక చివరికి మిగిలింది గట్టు. దాని కోసం మేస్త్రీ చెప్పిన కూలి విని, “బండ నాది, గోడ నాది, సిమెంటు నాది. మధ్యలో వాడికెందుకు?” అన్నాడు. అర్థశాస్త్రంలో దీనికి జవాబు ఉండే ఉంటుంది. మా చెల్లెలి దగ్గర మాత్రం లేదు.

మొదట ఆయన మనసు తెల్ల పాలరాయి మీద పడింది. పాలరాయి సున్నపు జాతి. పులుపు తగిలితే మెరుపు పోయి మచ్చ దిగుతుంది. నిమ్మకాయ, చింతపండు, టమోటా మూడూ దానికి శత్రువులే. మదనపల్లెలో, టమోటా డబ్బులతో, టమోటాలు కోసే గట్టుకు పాలరాయి పరచడమంటే ఎలుకలున్న ఇంట్లో వడ్లబస్తాలతో గోడ కట్టడమే. ఈ సంగతి కొట్టువాడే చెప్పబట్టి బతికిపోయారు.

“ఉన్న కడపరాయికి ఏమొచ్చింది? మేం ఇల్లు కట్టినప్పటి నుంచీ గుండ్రాయిలా ఉండాది గదా” అని మా చెల్లెలు ఒక మాట అంది. నిజానికి ఆ మాట దగ్గరే కథ ముగిసి ఉండాల్సింది. కానీ కడప బండంటే మనకు లోకువ. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు. అదే బండ ముంబయిలో, పుణెలో ‘కడప్పా’ అని పిలిపించుకుంటూ లక్షల ఫ్లాట్లలో దర్జాగా పప్పూ కూరా దింపించుకుంటోంది. ఇక్కడ దాన్ని గునపంతో పెకలించి వీధిలో పడేశారు. కుప్పం వైపు నుంచి గ్రానైట్ లారీ ఎక్కింది.

గ్రానైట్ 20 మిల్లీమీటర్ల మందానిది చదరపు అడుగుకు 5 కిలోల పైనే తూగుతుంది. ఎనిమిదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు అంటే 16 చదరపు అడుగులు. ఎనభై కిలోలు దాటింది. ఇంచుమించు మా బావ బరువు. మా బావను నలుగురు మోసే రోజు దూరంగానే ఉండాలని అందరం కోరుకుంటాం గానీ, ఆయన బరువు బండకు మాత్రం నలుగురు కావాల్సిందే. “నేనూ, పిల్లోడూ చాలు” అన్నాడాయన. పిల్లోడు ఇంజనీరింగ్ రెండో సంవత్సరం, కంప్యూటర్ సైన్సు.

బండను పడుకోబెట్టి మోయకూడదు, అంచు మీద నిలబెట్టి మోయాలి. పడుకోబెడితే దాని బరువుకు అదే నడుం విరుచుకుంటుంది. హమాలీలకు ఈ సంగతి ఒకరు చెప్పాల్సిన పని లేదు. దొర వీడియోలో ఇది ఉండదు, చెక్కకు ఆ భయం లేదు కాబట్టి. పక్కింటివాళ్లు చూసి, కేకలేసి, చేతులు వేయకపోతే గడప దగ్గరే రెండు బండలు అయ్యుండేవి.

ఇక గోడలు. మన ఇళ్లలో మూల అంటే తొంభై డిగ్రీలు ఉండి తీరాలన్న చట్టమేమీ లేదు. మూలమట్టం పెడితే ఒక పక్క వేలు దూరేంత సందు. రసమట్టం పెడితే బుడగ మధ్యలో నిలవనంటుంది. ఈ వంకరలన్నీ ఇన్నాళ్లూ పూత కింద పరువుగా దాక్కున్నాయి. తిన్నటి బండ పక్కకు రాగానే బయటపడ్డాయి. ‘ఈ ఇల్లు కట్టేటప్పుడు బేల్దారి పక్కన నిలబడి ప్రతి వరసా చూసుకున్నా’ అని ఊరంతా చెప్పుకునే మా బావ, ఆ పూట నుంచి ఆ మాట ఎత్తడం లేదు. గ్రానైట్ వల్ల ఆ కుటుంబానికి కలిగిన లాభాల్లో ఇదొకటి.

అసలు పరీక్ష సింకు. సింకుకు బండలో చోటు కోయడం పైకి చూస్తే అట్టముక్క కత్తిరించినంత పని. తెలిసినవాళ్లు ముందు నాలుగు మూలల్లో గుండ్రంగా రంధ్రాలు వేసుకుంటారు. ఆ తర్వాత రంధ్రం నుంచి రంధ్రానికి కోసుకుంటూ వస్తారు. మూల పదునుగా ఉంటే పగులు అక్కడే పుడుతుంది. కోత పూర్తయ్యాక సింకు ముందు రెండు మూడు అంగుళాల పట్టీ మాత్రమే మిగులుతుంది. ఎనభై కిలోల బండకు ప్రాణమంతా ఆ పట్టీలోనే. దాని కింద ఆనుడు లేకపోతే ఎంత గట్టి రాయైనా లొంగిపోతుంది. మా బావ రంధ్రాలు వేయలేదు. గ్రైండరు పట్టి మూలదాకా సూటిగా దూశాడు, మూల దాటి కూడా కాస్త దూశాడు. చివరి మూల తెగుతుండగా ‘టిక్’ అని చిన్న చప్పుడు. మిక్సీ మూత పెట్టినంత చప్పుడు, అంతే. పట్టీ మీద వెంట్రుకవాసి గీత ఒకటి నిదానంగా ముందంచు దాకా నడిచి ఆగింది. నేల కింద రెండు వందల కోట్ల ఏళ్లకు పైగా ఏ బాధా లేకుండా పడుకున్న రాయి, మదనపల్లెలో ఒక ఆదివారం మధ్యాహ్నానికి ప్రాణం విడిచింది.

నవ్వు ఆపి చెప్పుకోవాల్సిన సంగతి ఒకటుంది. రాయి కోసేటప్పుడు బ్లేడు మీద నీళ్లు పడుతూ ఉండాలి. చేతిలో కరెంటు మిషను ఉంటే నీళ్లంటే భయం, నీళ్లు లేకపోతే దుమ్ము. వంటిల్లు, హాలు, దేవుడి పటాలు, ఆరేసిన బట్టలు అన్నీ ఒకే రంగుకు వచ్చాయి. ఆ తెల్లటి దుమ్ములో సిలికా ఉంటుంది. అది ఊపిరితిత్తుల్లో చేరితే తిరిగి రాదు. సిలికోసిస్ అనే జబ్బు అలాగే వస్తుంది. కృత్రిమ క్వార్ట్జ్ బండల్లో ఈ సిలికా మరీ ఎక్కువని, వాటిని కోసే కుర్రాళ్లు చిన్న వయసులోనే జబ్బున పడుతున్నారని ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి ఆ బండలనే నిషేధించింది. మన షాపుల్లో అవే ఖరీదైన రకంగా అమ్ముడుపోతున్నాయి. మా బావ ఒక్క పూట దగ్గి, వారం పాటు ఆ దగ్గు గురించి మండీలో ఉపన్యాసాలిచ్చాడు. కటింగ్ షెడ్డులో మూతికి తువ్వాలు చుట్టుకుని ఏడాది పొడుగునా అదే దుమ్ము మింగే కుర్రాడు ఎవరికి చెప్పుకోవాలి? గట్టు ఎంత మెరుస్తుందో చూసేవాళ్లమే గానీ, ఆ మెరుపు ఎవడి ఊపిరితో పట్టించారో అడిగినవాళ్లం కాదు.

చివరికి మేస్త్రీకే కబురు వెళ్లింది. ‘రేపు పొద్దున్నే వచ్చేస్తా సార్’ అన్నాడు. మేస్త్రీల పంచాంగంలో రేపు అంటే ఏ రోజో తెలిసినవాళ్లు లేరు. ఆ రేపు వచ్చాక ఆయన బండ మీద వేళ్లతో రెండు దెబ్బలు కొట్టి చూసి, “ఎవురు సార్ ఇది చేసింది?” అన్నాడు. మేస్త్రీ గానీ, ప్లంబరు గానీ, కరెంటు పనివాడు గానీ మన గడపలో కాలు పెట్టగానే అడిగే మొదటి ప్రశ్న ఇదే. మామూలుగా దీనికి జవాబు ‘ముందొచ్చినాయన’. ఆ ముందొచ్చినాయన ఎదురుగా ఉండడు కాబట్టి ఎవరి పరువూ పోదు. ఈసారి జవాబు అక్కడే, పగులు అతకబోయి మోచేతుల దాకా అరాల్డైట్ జిగురు పూసుకుని నిలబడి ఉంది.

కొత్త బండ వచ్చింది. మేస్త్రీ కూలి మొదట చెప్పినదానికి ‘పాత పని పీకే కూలి’ తోడైంది. పగిలిన బండ పెరట్లో బట్టలుతికే రాయిగా కుదురుకుంది. కుప్పం గ్రీన్ మీద దుప్పట్లు బాదుకునే దర్జా మదనపల్లెలో మా చెల్లెలికే దక్కింది.

అంతటితో అయిపోయిందనుకున్నారు. అప్పుడు పుంగనూరు నుంచి మా అత్త, అంటే బావ వాళ్లమ్మ, కొత్త వంటిల్లు చూడ్డానికి వచ్చింది. చూసింది, బాగుంది అంది, సంగటి చేస్తానని ఎసరు పెట్టింది. నూకలు ఉడికి, రాగిపిండి పోసి, మగ్గాక, కట్టె తీసుకుని కెలకబోయి ఆగిపోయింది. సంగటి కెలకడం అంటే చెంచాతో తిప్పడం కాదు. రెండు చేతులా కట్టె పట్టి, పైనుంచి ఒళ్లు బరువంతా దించాలి. మేస్త్రీ పెట్టిన గట్టు ఎత్తు రెండుముక్కాలు అడుగులు, అంటే 33 అంగుళాలు. దాని మీద స్టవ్వు అయిదంగుళాలు, తపేలా పది. మొత్తం 48 అంగుళాలు, నాలుగడుగులు. మన ఆడవాళ్లు సగటున అయిదడుగుల మనుషులు. తపేలా మూతి సరిగ్గా భుజాలకాడికి వచ్చింది.

“ఏందిరా నాయనా ఇది? మన పుంగనూరావు ఎత్తున గట్టు కట్టి, దాని మీద పొయ్యి పెట్టినారు. సంగటి కెలకాలంటే నేను నిచ్చెనెక్కాల్నా?” అంది.

ముసలామె లెక్క సరిగ్గానే ఉంది. పుంగనూరు ఆవు ఎత్తు రెండున్నర నుంచి మూడడుగులు. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి ఢిల్లీలో తన నివాసంలో వాటికి మేత పెడుతున్న ఫొటోలు చూసి దేశమంతా ముచ్చటపడింది. మనిషి ఇంట్లో ఇమిడేలా పుట్టిన ఆవు అది. గట్టును మాత్రం మనిషికి ఇమిడేలా ఎవరూ పుట్టించలేదు. మా అత్త తపేలా దింపింది, నేల మీద కుదురులో పెట్టింది, పీట వేసుకుని పాదాలతో అదిమిపట్టి సంగటి కెలికింది. లక్ష రూపాయల వంటింట్లో ఆ పూట వంట నేల మీదే అయింది.

మా బావ గోడను కొలిచాడు. సింకును కొలిచాడు. సిలిండర్ కింద పట్టాలని దాన్నీ కొలిచాడు. మేస్త్రీ వచ్చి అవన్నీ మళ్లీ కొలిచాడు. మూడు పూటలా ఆ గట్టు ముందు నిలబడే మనిషిని ఇద్దరిలో ఒక్కడూ కొలవలేదు. సొంతంగా చేసుకోవడమా, మేస్త్రీతో చేయించడమా అని మన మగవాళ్లు వాదించుకోవడం ఎంత దండగో ఇక్కడ తెలుస్తుంది. అమెరికాలో లిలియన్ గిల్బ్రెత్ అనే ఇంజనీరమ్మ 1929లోనే ఈ కిటుకు పట్టుకుంది. ఫ్యాక్టరీలో పనివాళ్ల కదలికలు కొలిచే విద్య ఆమెది. పన్నెండు మంది పిల్లల్ని కన్న తల్లి. వంటింట్లో గట్టు ఎత్తు అక్కడ పనిచేసే మనిషిని బట్టి ఉండాలని చెప్పింది. ఆమె మాట విన్న దేశమే ఆ తర్వాత అందరికీ కలిపి 36 అంగుళాలని ఖాయం చేసి కూర్చుంది. మేస్త్రీలు ఏ దేశంలోనైనా మేస్త్రీలే.

మీ ఇంట్లో గట్టు మార్చే ఆలోచన ఉంటే, టేపు పట్టుకుని గోడ దగ్గరికి పోకండి. ముందు వంట చేసే మనిషిని నిలబెట్టి, మోచేయి వంచమని, నేల నుంచి మోచేతి దాకా కొలవండి. అందులో నాలుగైదు అంగుళాలు తీసేస్తే కూరగాయలు తరిగే గట్టు ఎత్తు వస్తుంది. స్టవ్వు పెట్టే భాగాన్ని దానికన్నా ఇంకో అయిదారు అంగుళాలు కిందికి దించమనండి. సిలిండరేమో ఎత్తుగా ఉన్న భాగం కింద పడుతుంది. మేస్త్రీ తల గోక్కుని, “అట్లా ఎవురూ పెట్టించుకోరు సార్” అంటాడు. పెట్టించుకోండి.