కంచంలో కబ్జా

తేలిపోయింది. కంచంలో అన్నం కబ్జాదారే.

ఐసీఎంఆర్, మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ వాళ్ళు దేశమంతా తిరిగి కంచాలు కొలిచి, 2025 సెప్టెంబరు 30న ‘నేచర్ మెడిసిన్’లో లెక్క బయటపెట్టారు. మనం తినే కేలరీల్లో 62 శాతం పిండిపదార్థాలవేనట. ప్రొటీన్ వాటా 12. వార్త మీరు చదివే ఉంటారు. చదవకపోయినా మీ బావగారు వాట్సాప్‌లో పంపే ఉంటారు, ఎర్రక్షరాల్లో, ‘అన్నం మానండి, బతకండి’ అని. వచ్చిన ముహూర్తం కూడా చూడండి, సద్దుల బతుకమ్మ వారం. పులిహోర, కొబ్బరన్నం, నువ్వుల సద్ది, పెరుగన్నం డబ్బాలకెత్తుకుని ఆడవాళ్ళు చెరువుగట్టుకు బయల్దేరే వేళకు అన్నం పేర నోటీసు వచ్చింది.

అక్కడితో ఆగినా సరిపోయేది. దసరా సెలవులు కాగానే హైదరాబాద్ ఖాజాగూడలో ఒక ఐటీ ఆఫీసు క్యాంటీన్ ముందు కాగితం అంటించారు. ఉద్యోగుల ఆరోగ్యం దృష్ట్యా ఇకపై మనిషికి ఒక్క గరిటె అన్నం. ప్రొటీన్ కౌంటర్ వేరే, దాని డబ్బులు వేరే. కింద నవ్వు ముఖం బొమ్మ.

ఖాజాగూడ వాళ్ళకు ఈ భాష కొత్త కాదు. 2024 డిసెంబరు 31న, ఊరంతా కొత్త సంవత్సరం కేకుల కోసం లైన్లు కడుతుంటే, ఇక్కడి భగీరథమ్మ చెరువు, తౌటికుంట పక్క షాపుల మీదికి చెరువుల కబ్జాలు కూల్చే హైడ్రా బుల్డోజర్లు వచ్చాయి. ఎఫ్‌టీఎల్ (ఫుల్ ట్యాంక్ లెవెల్) అంటే ఏమిటో, బఫర్ జోన్ అంటే ఏమిటో ఇక్కడ పాలప్యాకెట్ వేసే కుర్రాడు కూడా చెబుతాడు. చెరువుకు ఎఫ్‌టీఎల్ ఉన్నప్పుడు కంచానికి ఎందుకుండకూడదు? అందుకని ప్రభుత్వం వెంటనే కంచాల పరిరక్షణ కోసం ఒక ఏజెన్సీ పెట్టాలని నా డిమాండ్. పేరు ‘కంచ్‌రా’. పలికేటప్పుడు సున్నా జారిపోకుండా చూసుకోవాలి, లేకపోతే చెత్తబండి వస్తుంది.

ముందు సర్వే. మన ఇళ్ళలో స్టీలు కంచం అంచున చెక్కించిన పేరూ తేదీయే పట్టా కాగితం. ‘చి.ల.సౌ.’ అని మొదలై ఎవరి పెళ్ళికి ఎవరు చదివించారో అందులోనే ఉంటుంది. ఆ రికార్డు పట్టుకుని కంచ్‌రా సర్వేయరు టేపుతో దిగుతాడు. పది హెక్టార్లు దాటిన చెరువుకు 30 మీటర్ల బఫర్ ఉన్నట్టు, పప్పుగిన్నెకు చుట్టూ మూడు వేళ్ళ బఫర్. ఆ మూడు వేళ్ళ లోపల మెతుకు కనబడితే అక్రమ నిర్మాణమే. అన్నానికి మధ్యలో గుంట చేసి సాంబారు పోసుకునే అలవాటున్న వాళ్ళు ఇకమీదట నాలా మళ్ళింపు కేసులో ఇరుక్కుంటారు.

సర్వేలో బయటపడేవి చూస్తే కళ్ళు తిరుగుతాయి. బంగాళాదుంప, చేమదుంప, కంద ఇన్నేళ్ళుగా కూరల కోటాలో కూర్చున్నాయి. కాగితాల మీద కూరగాయలు, కడుపులో పిండి. ఆలుగడ్డ వేపుడుతో అన్నం తినే శాకాహారి ఒకే స్థలాన్ని రెండు పేర్ల మీద రిజిస్ట్రేషన్ చేయించుకున్నట్టే. బొబ్బట్టు ఇంకా ఘనుడు. లోపల శనగపప్పు ఉంది కదా, ప్రొటీనే కదా అని దబాయిస్తాడు. ఆ పప్పు చుట్టూ మైదా ప్రహరీ, లోపల బెల్లం గోడౌను.

పెసరట్టు ఒక్కటీ నిజాయతీపరుడు అనుకున్నాం. పెసలు, అల్లం, పచ్చిమిర్చి, మచ్చలేని మనిషి. దాని మడతలోకి రాత్రికి రాత్రి ఉప్మా దూరి కాపురం పెట్టింది. ఎవరిదయ్యా ఈ కట్టడం అని అడిగితే ‘ఎమ్మెల్యే పెసరట్టు’ అన్నారు. కంచ్‌రా వాళ్ళు బుల్డోజర్ వెనక్కి తిప్పుకుని వెళ్ళిపోయారు.

పులిహోర దగ్గర ఇంకో చిక్కు. అది ప్రసాదం. దద్దోజనం, చక్రపొంగలి కూడా అంతే. చెరువు శిఖంలో ముందు గుడి కట్టి, దాని వెనక అపార్ట్‌మెంట్ లేపే తెలివితేటలు ఎక్కడ నేర్చుకున్నారని అడుగుతారు గానీ, మన వంటిల్లే ఆ విద్యకు బడి. దొన్నెలో పెట్టి కళ్ళకద్దుకున్న దాన్ని కేలరీలు లెక్కేసి వెనక్కిచ్చే మగాడు ఇంకా పుట్టలేదు.

తర్వాత కొర్రలు, సామలు, అరికెలు. 2023ని ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకుంది. అప్పట్నుంచి అన్నం స్థలంలో కొర్రన్నం గుట్టగా కూర్చుంటోంది, అంతే ఎత్తు, అంతే వెడల్పు. అన్నం మానేశానని చెప్పుకునే మా అపార్ట్‌మెంట్ పెద్దమనిషి రాత్రికి ఆరు పుల్కాలు తింటాడు. మొత్తం పిండి తగ్గించకుండా బియ్యం బదులు గోధుమో చిరుధాన్యమో తిన్నంత మాత్రాన ముప్పు తగ్గదని ఆ అధ్యయనమే తేల్చింది. అంటే కబ్జా ఖాళీ కాలేదు, స్థలం బావమరిది పేరు మీదికి మారిందంతే.

ఇక శాకాహారికి మిగిలిన ఏకైక దిక్కు పప్పు. దాని రికార్డులు కూడా తీశారు. నూరు గ్రాముల కందిపప్పులో ప్రొటీన్ సుమారు 22 గ్రాములు. పిండి 55 గ్రాముల పైనే. తన ఇంట్లో తానే కిరాయికి ఉంటోంది పాపం. పక్క సీటులో చికెన్ తినేవాడికి ఈ బాధ లేదు. వాడి కంచంలో అన్నం మొత్తం కూల్చేసినా లెగ్ పీస్ పట్టా భూమిలో నిలబడే ఉంటుంది. శాకాహారి కంచంలో కూల్చివేతలు పూర్తయ్యాక మిగిలేది నాలుగు కీరా ముక్కలు, ఒక నిమ్మచెక్క, ‘ఈ స్థలం ప్రభుత్వానిది’ అనే బోర్డు.

గతంలోనూ ఒకసారి కూల్చివేతలు జరిగాయి లెండి. అన్నం మాన్పించిన వీరమాచనేని రామకృష్ణ గారి డైట్ రోజులు గుర్తున్నాయా? రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్ళు, రెండు మల్టీవిటమిన్ మాత్రలు. మాంసాహారులు ‘మటన్ తినమని ఏకంగా డైటే చెప్పింది’ అని పండగ చేసుకుంటే, మా వైపు శాకాహారులు కొబ్బరినూనె సీసా ఎదుట కూర్చుని పూర్వజన్మ పాపాలు నెమరేసుకున్నారు. ఆ రోజుల్లో ఇళ్ళలో పనీరుకు వచ్చిన గౌరవం అల్లుడికి కూడా రాలేదు.

పనీరు అంటే గుర్తొచ్చింది. కూల్చివేత ఉన్నచోట క్రమబద్ధీకరణ ఉండాలి కదా. డబ్బు కట్టగలిగిన వాళ్ళకు ఎల్ఆర్ఎస్ ఉంది. క్యాంటీన్లో ఆ వేరే కౌంటర్ అదే. పనీరు టిక్కా, టోఫు, గ్రీక్ యోగర్ట్, వే ప్రొటీన్ షేక్. ఫీజు చెల్లిస్తే మీ కంచం సక్రమం, మీ కాలేయం లేఅవుట్ అప్రూవ్డ్. కేంద్రం కూడా 2025 సెప్టెంబరు 22 నుంచి ప్యాకెట్ పనీరు మీద జీఎస్టీ సున్నా చేసింది. అదే రోజు నుంచి చపాతీ, పరోటాల మీద కూడా సున్నా చేసింది. కబ్జాదారుకూ, కూల్చేవాడికీ ఒకే కౌంటర్లో పర్మిషన్లు ఇవ్వడం మనకు తెలియని పద్ధతేం కాదు.

మిత్రుడి అతిథిగా మొన్న ఆ క్యాంటీన్ లైన్లో నేనూ నిలబడ్డాను. వడ్డించే అతను గరిటెతో అన్నం తీసి, పైన గోపురంలా లేచిన భాగాన్ని పాలిథిన్ తొడుక్కున్న వేలితో చదును చేసి, మిగతాది డేగిసాలోకి నెట్టేస్తున్నాడు. అనుమతి లేని అంతస్తు అన్నమాట.

“అన్నా, ఇంకో గరిటె వెయ్యవా, పప్పు మిగిలిపోయింది” అన్నాడు నా ముందు కుర్రాడు.

“నాకేమన్న ఖుషీనా సార్? రూలొచ్చింది. పప్పు ఎంతన్న పోస్త, అన్నం మాత్రం అడగకుర్రి.”

ఎంతైనా పోస్తానన్న ఆ పప్పులో కందిబద్ద ఎక్కడుందో తెలియాలంటే డ్రోన్ సర్వే చేయించాల్సిందే.

అన్నం నిర్దోషి అని నేను వాదించను. ఈ ఐటీ కారిడార్లోనే హైదరాబాద్ విశ్వవిద్యాలయం, గచ్చిబౌలి ఏఐజీ ఆస్పత్రి వాళ్ళు 345 మంది ఐటీ ఉద్యోగుల్ని పరీక్షిస్తే 84 శాతం మంది కాలేయాల్లో కొవ్వు పేరుకుని ఉందని తేలింది. కుర్చీలోంచి లేవకుండా పన్నెండు గంటలు కూర్చుని, ఆఫీసుకు రెండు కిలోమీటర్లు కారులో వెళ్ళి, రాత్రి పదకొండుకు బిర్యానీ తెప్పించుకునే మనుషులకు తాతల నాటి అన్నం గుట్ట పనికిరాదు. దున్నేవాడి తిండి అది. కేలరీల్లో ఓ ఐదు శాతం పిండి నుంచి తీసి పప్పు, పాల ప్రొటీన్లకు ఇచ్చినా షుగరు ముప్పు తగ్గుతుందంటున్నారు. తగ్గిద్దాం. కబ్జాదారే, ఒప్పుకున్నాను.

మరి కబ్జాదారుకు పట్టా ఇచ్చిందెవరు?

1983లో కిలో రెండు రూపాయలకు బియ్యం ఇస్తామని ఓట్లు తీసుకున్నది ఎవరు? ఆ తర్వాత గద్దెనెక్కి బియ్యం ధర తగ్గించడంలో పోటీ పడింది ఎవరు? సన్నవడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ఎవరిస్తున్నారు? 2024 వానాకాలంలో 153 లక్షల టన్నుల వడ్లు పండాయని, దేశంలో మేమే ముందున్నామని రొమ్ము విరుచుకున్నది ఎవరు? 2025 ఉగాదికి హుజూర్‌నగర్‌లో సభ పెట్టి, మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది ఎవరు? రిజిస్ట్రేషన్ మీరే చేశారు, కరెంటు మీటరు మీరే ఇచ్చారు, ఇంటిపన్ను మీరే వసూలు చేశారు. ఇప్పుడు టేపు పట్టుకుని వచ్చి ఇది చెరువు శిఖం అంటున్నారు.

ఖాజాగూడకు సుమారు నూరు కిలోమీటర్ల దూరంలో తాండూరు ఉంది. అక్కడి కందులకు 2022లో జీఐ ట్యాగ్ ఇచ్చారు. బియ్యానికి బోనస్, కందికి సర్టిఫికెట్. కంది రైతు ఆ సర్టిఫికెట్ ఫ్రేము కట్టించుకుని గోడకు తగిలించుకోవాలి. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో ‘అమ్మహస్తం’ అని 185 రూపాయలకు తొమ్మిది సరుకుల సంచీ ఇచ్చారు, గుర్తుందా? అందులో కిలో కందిపప్పు ఉండేది. ఆ నాణ్యత గురించి అప్పుడే బోలెడు జోకులు వేసుకున్నాం. ఇప్పుడు జోకు వేసుకోవడానికైనా రేషన్ షాపులో పప్పు లేదు. ఇన్నేళ్ళలో అన్నం సన్నబడింది, పప్పు మాయమైంది.

ఈ అధ్యయనం చేసిన వాళ్ళు పిండి తగ్గించండి అని మాత్రమే అనలేదు. ఆహార సబ్సిడీల విధానం మారాలని, జనం పప్పు, పాల ప్రొటీన్ల వైపు మళ్ళేలా ఉండాలని కూడా అన్నారు. ఆ వాక్యాన్ని ఎర్రక్షరాల్లో నాకు ఒక్కరూ పంపలేదు. ఏ ఆఫీసు గోడ మీదా అంటించలేదు. ప్రభుత్వానికి చెప్పిన మాట గాలికి పోయింది. కంచానికి చెప్పిన మాట మాత్రం గరిటె దాకా వచ్చింది.

ఎవరి గరిటె దాకా? ఆ రోజు రెండు దాటాక హౌస్‌కీపింగ్ ఆడవాళ్ళు తినడానికి వచ్చారు. కాంట్రాక్టు మనుషులు. వాళ్ళ ఒప్పందంలో ఒక పూట భోజనం ఉంది, వేరే కౌంటర్ కూపన్ లేదు. టేబుళ్ళు తుడిచి, బాత్రూములు కడిగి, ఇరవై అంతస్తుల చెత్త కిందికి దింపి వచ్చిన మనిషి కంచంలో అదే గరిటె, అదే వేలితో చదును.

“పొద్దుగాల నాలుగింటికి లేసిన్నన్నా, గీ గరిటె ఏ మూలకు?” అంది ఆమె.

“రూలక్కా, అందరికీ ఒక్కటే రూలు.”

అందరికీ ఒక్కటే రూలట. పై అంతస్తులో కుర్చీకి అంటుకుపోయిన వాడి కొవ్వుకు మందుగా, కింద చీపురు పట్టి వంగిన మనిషి ఆకలి మీద కోత పెడతారా? ఆమె ఇంట్లో రాత్రికి ఉడికేది మీరు ఇచ్చిన ఆరు కిలోల్లోంచే, దానిమీద పోసుకునేది పచ్చిపులుసు. ఆమె పనీరు తినడం లేదంటే అవగాహన లేక కాదు, జీతం చాలక. నవ్వు ముఖం బొమ్మ వేసి అంటించిన మేనేజర్ గారూ, కంచాలు కొలిచే అధికారులూ, సన్నబియ్యం సభల్లో చప్పట్లు కొట్టించుకున్న మంత్రులూ, ఆమె గరిటె తగ్గించే ముందు ఆ కంచంలో గిన్నెడు గట్టి పప్పు పడాలి, కప్పు పెరుగు పడాలి, అది కూడా ఉచితంగా పడాలి. రేషన్ సంచీలో బియ్యం పక్కన కిలో కందిపప్పు నెలనెలా ఉండాలి. అది మీ చేతగాకపోతే ఆమె అన్నం జోలికి రావద్దు.